ఇంటి పత్రాల్లో నీటి మాటలు: స్థలం, ఫ్లాటు కొనేముందు మన కుటుంబాలు చూసుకోవాల్సినవి

మన ఇంట్లో మాట తెలుగు. ఇంటి పత్రాల మాట మాత్రం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానిది. బెంగళూరులో కన్నడం, చెన్నైలో తమిళం, సోలాపూర్‌లో మరాఠీ, బరంపురంలో ఒడియా. తరాలుగా ఇక్కడే ఉన్నాం కాబట్టి బజారు భాష, బడి భాష మనకు కొత్త కాదు. భూమి రికార్డుల భాష వేరు. అందులో కెరె, ఓడై, నాలా వంటి ఒక్క మాటను చూడకుండా దాటేస్తే, జీవితకాలపు పొదుపుతో కొన్న ఇల్లు వాన పడ్డప్పుడల్లా మునుగుతుంది. ఒక్కోసారి నోటీసు వచ్చి కూలిపోతుంది కూడా.

పర్యావరణహిత ఇల్లు అనగానే ప్రకటనల్లో సోలార్ పలకలు, పచ్చిక, పూలకుండీలు చూపిస్తారు. అవి మంచివే. అయితే ఒక ఇల్లు చుట్టుపక్కల నేలకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది పునాది తీయకముందే చాలావరకు తేలిపోతుంది. ఆ నేల మీద నీరు ఇంతకుముందు ఎటు పారేది? ఇల్లు కట్టాక ఎటు పోతుంది? ఈ రెండు ప్రశ్నల చుట్టూనే ఈ వ్యాసం. స్థలం కొనేవారికి, ఫ్లాటు కొనేవారికి, ఉన్న ఇంటిని బాగుచేసుకునేవారికి పనికొచ్చే వివరాలను వరుసగా ఇస్తున్నాం. దాచుకుని, పత్రాలు చేతికొచ్చినప్పుడు పక్కన పెట్టుకుని చూడండి.

చెరువుల మీద లేచిన పేటలు

చెన్నైలో మనవాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ టి.నగర్ ఒకప్పుడు చెరువు నేల. మాంబళం, నుంగంబాక్కం వైపు పొడవుగా పరుచుకుని ఉన్న లాంగ్ ట్యాంక్‌లో కొంత భాగాన్ని 1920లలో ఖాళీచేసి అక్కడ పేట వేశారు. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, అక్కడి పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా, ఇద్దరూ తెలుగింటివారే. నుంగంబాక్కంలో ఇప్పటికీ లేక్ ఏరియా అనే పేరుంది, చెరువు మాత్రం లేదు. బెంగళూరులో ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది. సంపంగి చెరువున్న చోట కంఠీరవ స్టేడియం లేచింది.

బెంగళూరుకు పెద్ద నది లేదు. ఎత్తయిన గట్టు మీద ఉన్న ఊరు. అందుకే పాతకాలంలో ఒకదాని కింద ఒకటిగా చెరువులు తవ్వి, పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి దిగేలా కాలువలు కట్టారు. ఆ కాలువలే రాజకాలువలు. గొలుసులో ఒక్క కాలువను పూడ్చి లేఅవుట్ వేస్తే పై నుంచి వచ్చిన నీరు ఆగదు, ఇళ్లలోంచి దారి చేసుకుంటుంది. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు, యెమలూరు వైపు కోట్లు పోసి కొన్న విల్లాల్లోకి నీరు చేరి, జనం ట్రాక్టర్ల మీద, పడవల మీద బయటికి రావాల్సి వచ్చింది. కాలువ తప్పినప్పుడు ఖరీదైన ఇల్లూ, గుడిసే ఒకటే.

చెన్నై సంగతి మరో రకం. ఊరికి ఏడాదిలో సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. 2015 డిసెంబరులో అడయారు పొంగి నగరం మునిగింది. నాలుగేళ్లు తిరక్కుండానే 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు ఎండిపోయి ఊరు ట్యాంకర్ల మీద బతికింది. తెలుగు గంగ కాలువ ద్వారా కండలేరు నుంచి కృష్ణా నీరు పూండికి వస్తేనే గొంతు తడిసే రోజులు ఉన్నాయి. వరదా, కరవూ ఒకే ఊరికి ఎందుకు వస్తున్నాయంటే, వాన నీటిని పట్టి ఉంచే చిత్తడి నేలలు, చెరువులు తగ్గిపోవడం అందులో పెద్ద కారణం. దక్షిణ చెన్నైలో మిగిలిన పళ్లికరణై చిత్తడి నేలను 2022లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. దాని విస్తీర్ణం సుమారు 1,247 హెక్టార్లు. దాని అంచున ఫ్లాటు కొనేవారు హద్దు ఎక్కడుందో ప్రత్యేకంగా చూసుకోవాలి.

రికార్డుల్లో నీటి మాటలు

ఊరి పేరే ఒక్కోసారి ఆచూకీ చెబుతుంది. బెంగళూరు చుట్టూ సింగసంద్ర, జక్కసంద్ర, బొమ్మసంద్ర వంటి పేర్లున్నాయి. సంద్ర అంటే సముద్రం, పాత వాడుకలో పెద్ద చెరువుకు ఆ పేరు పెట్టేవారు. చెన్నై వైపు తాంగల్ అని ముగిసే పేరుంటే అక్కడ చిన్న చెరువు ఉండేదనుకోవచ్చు. పేరును బట్టి స్థలం చెడ్డదని తీర్మానించనక్కర్లేదు. పత్రాలు మరింత జాగ్రత్తగా చూడాలని మాత్రం గుర్తు.

కర్ణాటక పత్రాల్లో కెరె అంటే చెరువు, కుంటె అంటే కుంట, కట్టె అంటే చిన్న చెరువు, హళ్ళ అంటే వాగు, కాలువె అంటే కాలువ. గుండుతోపు ఊరి ఉమ్మడి తోపు, గోమాళ పశువుల బీడు. వీటన్నిటికన్నా ముఖ్యమైన మాట ఖరాబు. పహాణీలో, అంటే ఆర్‌టీసీలో, ఎ-ఖరాబు, బి-ఖరాబు అని విడిగా చూపిస్తారు. ఎ-ఖరాబు సాగుకు పనికిరాని నేల. బి-ఖరాబు దారి, కాలువ, చెరువు, శ్మశానం వంటి ప్రజా అవసరాలకు వదిలిన నేల. దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు. అమ్మేవారు చూపే విస్తీర్ణంలో బి-ఖరాబు గుంటలు కలిసిపోయాయేమో లెక్కగట్టి చూడండి.

తమిళనాడులో ఏరి పెద్ద చెరువు, కుళం కొలను, కుట్టై కుంట, ఓడై వాగు, వాయ్‌క్కాల్ కాలువ. నీర్‌నిలై అంటే నీటి వనరు. పుఱంబోక్కు మన పోరంబోకే. మన భాషలోనూ, తమిళంలోనూ దాన్ని తిట్టుగా మార్చేశాం గానీ, రెవెన్యూ లెక్కలో అది ఊరందరి అవసరానికి పన్ను లేకుండా వదిలిన భూమి. ఏరి పుఱంబోక్కు, ఓడై పుఱంబోక్కు అని ఉంటే ఆ స్థలం జోలికి పోవద్దు.

మహారాష్ట్రలో తళావ్ చెరువు, ఓఢా వాగు, నాలా కాలువ, గాయరాన్ మేత భూమి. సాత్‌బారా పత్రంలో పోట్‌ఖరాబా అన్న పద్దును చూడాలి. నదుల పక్కన జలవనరుల శాఖ నీలి గీత, ఎర్ర గీత గుర్తిస్తుంది. నీలి గీత పాతికేళ్లకోసారి వచ్చే వరదను, ఎర్ర గీత వందేళ్లకోసారి వచ్చే వరదను బట్టి గీసినవి. స్థలం ఏ గీతకు ఇవతల ఉందో నగరపాలిక ప్రణాళిక విభాగంలో అడిగి తెలుసుకోవచ్చు.

ఒడిశాలో భూలేఖ్ వెబ్‌సైటులో హక్కు పత్రం తెరిచి కిసం అన్న గడి చూడాలి. బంధ, పోఖరీ, జళాశయ, నాళ, నయంజోరి అన్నవన్నీ నీటి మాటలే. నయంజోరి అంటే రోడ్డు పక్కన నీరు పారే కాలువ. గోచర అంటే మేత భూమి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంజాం తీరంలో ఇల్లు కట్టుకునే మనవాళ్లకు నీటి దారితో పాటు గాలి దెబ్బ కూడా లెక్కలోకి రావాలి.

యానాంలో పత్రాల భాష ఇబ్బంది తక్కువ. అక్కడ చూడాల్సింది గోదావరి. గౌతమి పాయలోకి సముద్రపు పోటు ఎక్కుతుంది కాబట్టి తీర నియంత్రణ మండలం నిబంధనలు నది ఒడ్డుకూ వర్తిస్తాయి. మడ చెట్లున్న నేలకు రక్షణ ఇంకా గట్టిది. 2022 జులై వరదలో నీరు ఏ వీధి దాకా వచ్చిందో, 1986 వరదలో ఎంత ఎత్తు నిలిచిందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే, ఏ పటంలోనూ లేని సమాచారం దొరుకుతుంది.

రిజిస్ట్రేషన్ అయితే సరిపోదు

రిజిస్టరు దస్తావేజు ఉంది, ఖాతా ఉంది, పన్ను కడుతున్నాం, బ్యాంకు రుణం ఇచ్చింది, ఇంకేం కావాలని చాలామంది అడుగుతారు. 2016 ఆగస్టులో బెంగళూరులో రాజకాలువల ఆక్రమణలంటూ ఇళ్లు కూల్చినప్పుడు ఎంతోమంది చేతుల్లో ఈ నాలుగూ ఉన్నాయి. ఖాతా పన్ను కోసం, అది హక్కు పత్రం కాదు. బ్యాంకు తన అప్పు తిరిగి వస్తుందా లేదా చూస్తుంది, కాలువ పోయిందా లేదా చూడకపోవచ్చు.

చట్టం ఈ విషయంలో మెత్తగా లేదు. చెరువులు, కుంటలు ఊరి ఉమ్మడి ఆస్తి అని, వాటిని ఇళ్ల స్థలాలుగా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో, ఆక్రమించి ఇళ్లు కట్టుకున్నామనో, ఎంతో ఖర్చు పెట్టామనో ఊరి చెరువులను క్రమబద్ధం చేయడం కుదరదని తేల్చింది. నష్టపోయేది మాత్రం ఆక్రమించినవారు, అనుమతి ఇచ్చినవారు కాదు. చివర్లో కొన్న కుటుంబం.

బఫర్ అన్న మాట కూడా తెలిసి ఉండాలి. చెరువు గట్టు నుంచి, కాలువ నుంచి కొంత దూరం కట్టడం లేకుండా వదలడమే బఫర్. బెంగళూరులో ఈ దూరం పలుమార్లు మారింది. 2016 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెరువుకు 75 మీటర్లు, కాలువలకు రకాన్ని బట్టి 50, 35, 25 మీటర్లు అంది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడంతో 2015 మాస్టర్ ప్లాన్ లెక్కే నిలిచింది. అంటే చెరువుకు 30 మీటర్లు, కాలువలకు మధ్య గీత నుంచి 50, 25, 15 మీటర్లు. ఈ నిబంధనలు మళ్లీ మారవచ్చు. కాబట్టి కొనే రోజున అమల్లో ఉన్న దూరమెంతో ప్రణాళికా సంస్థలో రాతపూర్వకంగా తీసుకోండి. నిబంధన 30 అన్నా, వీలైతే అంతకన్నా దూరంగా ఉండటమే మేలు. నీటికి కోర్టు తీర్పులు తెలియవు.

చేతిలో ఫోను ఉంటే చేయగల పరీక్షలు ఉన్నాయి. కర్ణాటకలో దిశాంక్ యాప్ తెరిచి స్థలంలో నిలబడితే సర్వే నంబరు, దానిమీద చెరువు, కాలువ ఉంటే అవీ కనిపిస్తాయి. భూమి వెబ్‌సైటులో ఆర్‌టీసీ, ఊరి పటం తీసుకోవచ్చు. తమిళనాడులో రెవెన్యూ శాఖ ఆన్‌లైన్ సేవల్లో పట్టా, ఎ-రిజిస్టరు, కొలతల పటం చూడవచ్చు. స్థలం పుఱంబోక్కు అవునో కాదో కూడా అక్కడే సరిచూసుకోవచ్చు. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆపింది, ఆ తర్వాత 2017లో క్రమబద్ధీకరణ నియమాలు వచ్చాయి. పాత ప్లాటు కొంటుంటే ఆ ఉత్తర్వు నకలు అడగండి. ఇంటర్నెట్ పటాల్లో పాత ఉపగ్రహ చిత్రాలు చూస్తే పదిహేనేళ్ల కిందట ఆ చోట నీరుందా, పొలముందా అన్నది కళ్లకు కనిపిస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా స్థానిక భాష చదవగల న్యాయవాదికి పత్రాలు చూపించండి.

ఫ్లాటు కొనేవారికి

500 చదరపు మీటర్ల నేల గానీ, 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. నమోదు సంఖ్యతో రాష్ట్ర రెరా వెబ్‌సైటులో వెతికితే ఆమోదం పొందిన ప్లాన్, హక్కు పత్రాలు కనిపిస్తాయి. ప్రకటనలో చూపిన పార్కు ప్లాన్‌లో ఉందా అని పోల్చి చూడండి. స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే నిర్మాణదారే ఖర్చు పెట్టి సరిచేయాలి. భూమి హక్కులోనే లోపం ఉండి నష్టపోతే పరిహారం కోరడానికి కాలపరిమితి అడ్డురాదని రెరా చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క సంగతి తెలియక ఊరుకుండిపోయేవారు ఎందరో.

నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరిన ప్రాజెక్టుకు 2006 నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి ఉండాలి. ఆ అనుమతి పత్రం పరివేష్ వెబ్‌సైటులో ఉంటుంది. అందులో షరతులు రాసి ఉంటాయి: నీరు ఎక్కడి నుంచి, మురుగు ఎక్కడికి, చెట్లు ఎన్ని, కాలువకు ఎంత దూరం. పత్రాన్ని ప్రింటు తీసుకుని నివాసుల సంఘం దగ్గర ఉంచుకోవడం మంచిది. నిర్మాణదారు వెళ్లిపోయాక షరతులు పాటించాల్సిన బాధ్యత మెల్లగా సంఘం నెత్తిన పడుతుంది.

లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ స్థలం సంగతీ అంతే. తమిళనాడులో 10,000 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌లో రోడ్లు పోగా మిగిలినదాంట్లో 10 శాతం స్థానిక సంస్థకు దానపత్రంతో అప్పగించాలి. ఆ దానపత్రం అయిందా లేదా అడగాలి. కాకపోతే పార్కు కొన్నేళ్లకు ప్లాట్లుగా మారే ప్రమాదముంది. కర్ణాటకలో సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

కప్పు మీద పడే నీరు

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఈ లెక్క ఒకటి గుర్తుంటే చాలు. 1,000 చదరపు అడుగుల కప్పు అంటే సుమారు 93 చదరపు మీటర్లు. బెంగళూరులో ఏడాదికి 970 మిల్లీమీటర్ల దాకా వాన. అయిదో వంతు వృథా పోయినా దాదాపు 72,000 లీటర్లు చేతికొస్తాయి. చెన్నైలో అదే కప్పు మీద లక్ష లీటర్లు దాటుతుంది. కావేరి నీరు బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తుకు పంపు చేస్తే వస్తోంది. సోలాపూర్‌కు ఉజని జలాశయం నుంచి అంతే దూరం రావాలి. ఇంటి కప్పు మీది నీటికి పంపు ఖర్చు లేదు.

తమిళనాడు 2003లో అన్ని భవనాలకూ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. బెంగళూరులో 2009 నుంచి పాత ఇళ్లలో 2,400 చదరపు అడుగులు, కొత్త ఇళ్లలో 1,200 చదరపు అడుగులు దాటిన స్థలాలకు తప్పనిసరి. లేకపోతే నీటి బిల్లు మీద జరిమానా పడుతుంది. ఎలా కట్టుకోవాలో చూడాలంటే జయనగరలో జలమండలి వాన నీటి సేకరణ పార్కు ఉంది.

కట్టే పద్ధతి కష్టమేమీ కాదు. కప్పు గొట్టాలను ఒకచోటికి తెచ్చి, మొదటి వాన నీరు దుమ్ముతో పాటు బయటికి పోయే ఏర్పాటు పెట్టాలి. తర్వాతి నీటిని వడపోత గుండా సంపులోకి పంపాలి. సంపు నిండితే ఇంకుడు బావిలోకి దించాలి. బెంగళూరులో సాధారణంగా మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు బావి తవ్వి సిమెంటు వరలు దింపుతారు. మరుగుదొడ్డి గుంతకు దూరంగా తవ్వాలి. మురుగు నీరు, వాన నీరు ఎక్కడా కలవకూడదు. ఏటా వానలకు ముందు కప్పు ఊడ్చి, వడపోత కడగకపోతే ఎంత ఖర్చు పెట్టినా అది ఉత్త అలంకారం.

బెంగళూరులో ఈ బావులు తవ్వే నేర్పు మణ్ణు వడ్డర్ల చేతిలో ఉంది. తరతరాలుగా బావులు తవ్విన ఆ కుటుంబాల ఇంటి మాట తెలుగు యాసే. బోర్లు వచ్చాక పని లేక వెనకబడ్డ ఆ వృత్తికి ఇంకుడు బావులతో మళ్లీ గిరాకీ వచ్చింది. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను తిరిగి నీళ్లలోకి తెచ్చిన పనిలో వారి చేయి ఉంది. మన భాష మాట్లాడే పనివారే ఊరి భూగర్భ జలాన్ని నింపుతున్నారని మన ఇళ్లలో చాలామందికి తెలియదు. బావి తవ్వించాలనుకుంటే ముందు వారిని అడగండి.

వాడిన నీరు, తడి చెత్త

మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో వాడే లెక్క. అందులో 45 లీటర్లు మరుగుదొడ్డికే పోతాయి. 100 ఫ్లాట్లలో నాలుగేసి మంది ఉంటే రోజుకు 54,000 లీటర్లు, అందులో 18,000 లీటర్లు మరుగుదొడ్లకు. శుద్ధిచేసిన నీటిని వాటికి పంపితే అంత మంచినీరు మిగులుతుంది. అందుకు రెండో గొట్టాల వరస కట్టేటప్పుడే వేయాలి, తర్వాత వేయడం మహా ఖర్చు. ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు మురుగు శుద్ధి కేంద్రం చూపించమనండి. నడుస్తోందా, వాసన వస్తోందా, రోజువారీ పుస్తకం రాస్తున్నారా, మిగిలిన నీరు ఎటు పోతోందన్నది చూడండి. శుద్ధి కాని మురుగు చెరువుల్లోకి చేరితే ఏమవుతుందో బెళ్లందూరు చూపించింది. 2017లో, 2018లో ఆ చెరువు మీద మంటలు లేచాయి.

ఇంకో మాట. శుద్ధి కేంద్రం గుంతలోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. సంఘం డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. యంత్రాన్నే పిలవండి.

తడి చెత్త సంగతి క్లుప్తంగా: 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ సముదాయాలు తడి చెత్తను వీలైనంతవరకు లోపలే ఎరువుగా మార్చాలని 2016 నిబంధనలు చెప్పాయి. కొనే ముందు దానికి చోటు కేటాయించారో లేదో చూస్తే చాలు.

అమ్మేవారిని అడగాల్సినవి

ఒకటి, ఈ సర్వే నంబరులో ఖరాబు, పుఱంబోక్కు, పోట్‌ఖరాబా ఎంత? రెండు, దగ్గరి చెరువు, కాలువ ఎంత దూరం, ఎక్కడి నుంచి కొలిచారు? మూడు, లేఅవుట్ ఆమోదం ఎవరిది, ఏ తేదీది? నాలుగు, రెరా సంఖ్య, పర్యావరణ అనుమతి పత్రం ఏవి? అయిదు, వాన నీరు లేఅవుట్ లోంచి ఏ మూలన బయటికి పోతుంది? ఆరు, వేసవిలో నీరు ఎక్కడి నుంచి, బోరు ఎంత లోతు, ట్యాంకర్లు ఎన్ని? ఏడు, పార్కు, రోడ్లు స్థానిక సంస్థకు అప్పగించారా?

నోటి జవాబులతో సరిపెట్టుకోవద్దు, కాగితం చూపించమనండి. బయానా ఇచ్చేముందు ఒక పెద్ద వాన రోజు, చెన్నైలో అయితే నవంబరులో, బెంగళూరులో అయితే సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఆ చోటికి వెళ్లి నిలబడి చూడండి. పక్క వీధిలో పాత కాపురస్తులుంటే నీరు ఎక్కడ నిలుస్తుందో చెబుతారు. వాన తగ్గాక గోడల మీద నీటి మరకలు ఎంత ఎత్తున ఉన్నాయో కూడా చూసి రండి.